కాపీకి పావుగంట.. ఓనర్ కోసం ఏడు నెలలు!

మీ చేతిలో ఉన్న ఫోన్ చాలావరకు ఏఆర్ఎం డిజైన్ చిప్ మీదే నడుస్తుంటుంది. ఆ ‘ఏ’ అంటే మొదట్లో ఏకార్న్. బీబీసీ మైక్రో అనే కంప్యూటర్‌ని 1981లో తయారుచేసిన బ్రిటిష్ కంపెనీ. మన దేశంలో 1984లో మొదలైన ‘క్లాస్’ ప్రాజెక్టు కింద తొలి విడతలో సుమారు 250 స్కూళ్లకు వెళ్లినవి ఆ కంప్యూటర్లే. మన బాబాయిలు, మేనత్తల తరంలో కొందరు మొదటిసారి కీబోర్డు ముట్టుకున్నది వాటి మీదే. ఆ కంపెనీ చిప్ వారసుడు మన జేబులో భద్రంగా ఉన్నాడు. అప్పటి పాఠాలు, లెక్కల ఆటలు కావాలంటే మాత్రం వెతుక్కోవాలి.

నాకు అలాంటివి వెతికే పిచ్చి ఉంది. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల మధ్య దొరికే సీడీలు కొంటుంటాను. అందరూ అనుకుంటారు, డిస్క్ పాడైపోతే ఎలా అన్నదే పెద్ద సమస్య అని. నిజమే, ఫ్లాపీ మీది అయస్కాంత పూత, సీడీ మీది పొర ఏదో ఒక రోజు పోయేవే. కానీ బాగున్నప్పుడు కాపీ తీయడం పావుగంట పని. పాత కంప్యూటర్‌లా నటించే ఎమ్యులేటర్లూ ఉన్నాయి. అసలు తంటా ఆ తర్వాత మొదలవుతుంది. దీన్ని నలుగురికీ ఇవ్వాలంటే ఎవరిని అడగాలి?

ఈ తలనొప్పి ఎంత పెద్దదో అమెరికాలోని ‘ఆరెగాన్ ట్రయిల్’ కథ చూస్తే తెలుస్తుంది. 1971లో డాన్ రావిచ్ అనే ట్రైనీ టీచర్, ఇద్దరు స్నేహితులతో కలిసి హిస్టరీ క్లాసు కోసం రాసిన ఆట. బళ్లు కట్టుకుని పడమటికి వలసపోయిన కుటుంబాల ప్రయాణం. అప్పుడు స్క్రీన్ కూడా లేదు, టెలిటైప్ మెషిన్ కాగితం మీద జవాబులు కొట్టేది. ట్రైనింగ్ అయిపోయాక రావిచ్ ప్రోగ్రామ్‌ని సిస్టమ్‌లోంచి తీసేశాడు. కోడ్ ప్రింటవుట్ మాత్రం దాచుకున్నాడు. 1974లో మెక్ అనే సంస్థలో చేరాక ఆ కాగితాలు చూసి మళ్లీ టైప్ చేశాడు. అంటే ఆ ఆటను కాపాడింది ఒక కాగితాల చుట్ట!

మెక్ అంటే మిన్నెసోటా రాష్ట్రం 1973లో స్కూళ్ల కోసం పెట్టుకున్న సంస్థ. ప్రజల డబ్బు. దాన్ని 1991లో సుమారు 52 లక్షల డాలర్లకు ప్రైవేటు వాళ్లకు అమ్మేశారు. ఐదేళ్లకే సాఫ్ట్‌కీ కంపెనీ దాదాపు 37 కోట్ల డాలర్లు పెట్టి కొంది. సాఫ్ట్‌కీ పేరు మార్చుకుని లెర్నింగ్ కంపెనీ అయింది. దాన్ని 1999లో బార్బీ బొమ్మల మాటెల్ కొంది, చేతులు కాల్చుకుని మరుసటి ఏడాదే వదిలించుకుంది. తర్వాత ఐర్లాండ్‌కు చెందిన రివర్‌డీప్, అక్కడి నుంచి పాఠ్యపుస్తకాల హౌటన్ మిఫ్లిన్. చదువుతుంటేనే ఊపిరాడట్లేదు కదా? ఇది పేరున్న ఆట కాబట్టి ఓనర్ ఎవరో తెలుసు. 2021లో గేమ్‌లాఫ్ట్ లైసెన్స్ తీసుకుని కొత్త వెర్షన్ తెచ్చింది కూడా. అదే కంపెనీ అల్మారాలోంచి అన్నేసి చేతులు మారిన చిన్నాచితకా పాఠాలకు ఎవరు లెక్క చెబుతారు? కొన్నవాళ్లకే తెలియకపోవచ్చు. పైగా అక్కడ కంపెనీ పేరిట వచ్చిన పనికి కాపీరైట్ 95 ఏళ్లు. స్కూళ్లలో బాగా పాపులరైన 1985 వెర్షన్ అందరిదీ కావాలంటే 2081 దాకా ఆగాలి. ఫ్లాపీ ఆగుతుందా?

ఇక నా గోల. అక్షరాలు, గుణింతాలు నేర్పే ఒక తెలుగు సీడీ ఉంది నా దగ్గర. చిలక మాట్లాడుతుంది, తప్పు నొక్కితే ముద్దుగా విసుక్కుంటుంది. అట్ట మీది ఫోన్ నంబరు పనిచేయడం లేదు. అడ్రసుకి వెళ్తే అక్కడ టిఫిన్ సెంటర్ ఉంది (పెసరట్టు బాగుంది). కార్పొరేట్ వ్యవహారాల శాఖ వెబ్‌సైట్లో ఏ కంపెనీ స్థితి అయినా చూడొచ్చు. నా కంపెనీ పేరు పక్కన ‘స్ట్రైక్ ఆఫ్’ అని ఉంది. అంటే రిజిస్టర్ నుంచి కొట్టేశారు. చివరికి, క్రెడిట్స్‌లో ఉన్న ప్రోగ్రామర్ దొరికారు. ఏడు నెలలు పట్టింది.

“రాసింది నేనే బాబూ, కానీ నాది కాదు. జీతానికి రాశా” అన్నారాయన. నిజమే, వేరే ఒప్పందం లేకపోతే ఉద్యోగి రాసింది యజమానికే చెందుతుందని మన కాపీరైట్ చట్టం 17వ సెక్షన్. తమాషా ఏంటంటే గడువు మాత్రం రాసినాయన ఆయుష్షును బట్టే లెక్క: ఆయన తర్వాత 60 ఏళ్లు.

ఇంకాసేపు మాట్లాడాక నెమ్మదిగా అడిగారు. “నా దగ్గర ఒక్క కాపీ కూడా లేదు. ఒకటి పంపగలవా? మనవరాలికి చూపిస్తా.”

నాకు నోట మాట రాలేదు. కొన్న సీడీకి సొంత బ్యాకప్ తీసుకోవడం వరకే చట్టం ఒప్పుకుంటుంది. రాసినాయనకైనా సరే, కాపీ పంచే హక్కు నాకు లేదు. “పంపలేను సార్, నేనే పట్టుకొస్తా” అన్నాను. సీడీ, పాత ల్యాప్‌టాప్ బ్యాగులో పెట్టుకుని బస్సెక్కాను. ఆ పాప చిలకని విసిగించిన తీరు మీరు చూడాల్సింది.

దారి అసలే లేదని కాదు. రాసినవాళ్లు చనిపోయినా, ఓనర్ జాడ తెలియకపోయినా లైసెన్స్ అడగడానికి సెక్షన్ 31ఏ ఉంది. ముందు ఇంగ్లిష్ దినపత్రికలో ప్రకటన వేయాలి. తెలుగు చిలక ఓనర్‌ని వెతకడానికి ఇంగ్లిష్ పేపర్! తర్వాత దరఖాస్తు, విచారణ, నిర్ణయించిన రాయల్టీ డిపాజిట్. ఉచితంగా పెట్టాలనుకున్న సీడీ కోసం ఇంత చేసే ఓపిక ఎందరికి ఉంటుంది? నేనైతే ప్రకటన రేట్లు కనుక్కుంటున్నా.

మీ ఇంట్లో అటక మీద ఇలాంటి సీడీ ఉంటే పారేయకండి. డిస్క్ ఒక్కటే చాలదు. అట్ట వెనక వైపు, లోపలి చిన్న కాగితం, బిల్లు ఉంటే బిల్లు.. ఫోన్‌తో ఫొటోలు తీసి పెట్టండి. ప్రోగ్రామ్ తెరిచి ‘అబౌట్’ నొక్కితే వచ్చే పేర్లు కూడా. నాకు ఆయన దొరికింది అక్కడే, మూడో లైన్లో, మ్యూజిక్ ఇచ్చినాయన పేరు కింద.