పిల్లలకి పెన్సిల్ పట్టు ఎలా నేర్పాలి? | ముక్క పెన్సిల్ ట్రిక్

మా మల్లాపూర్‌లో సాయంత్రం ఏ గల్లీకి పోయినా ఒకటే సీన్. నర్సరీ పిల్లోడు నోట్‌బుక్ ముందు ఏడుస్తుంటాడు, పక్కన అమ్మ "సరిగ్గా పట్టుకోరా" అంటుంటది. ఆ "సరిగ్గా" అంటే ఏంటో మాత్రం ఎవరూ చెప్పరు.

ముందు హార్డ్‌వేర్ చూద్దాం (పాత ఉద్యోగం అలవాటు, పోదు). మణికట్టులో 8 చిన్న ఎముకలుంటాయి. పుట్టినప్పుడు అవి చెవిడొప్పలా మెత్తటి మృదులాస్థే, ఎక్స్‌రేలో కూడా కనపడవు. ఏళ్ల తరబడి ఒక్కొక్కటిగా గట్టిపడతాయి. అందుకే రెండేళ్ల పాప క్రేయాన్‌ని పిడికిలితో పట్టుకుంటే తప్పేం కాదు, ఆ వయసు పట్టే అది. బొటనవేలు, చూపుడువేలుతో పట్టి మధ్యవేలి మీద ఆనించే పట్టు మామూలుగా 4 నుంచి 6 ఏళ్ల మధ్య కుదురుతది. మూడేళ్లకే తిట్టి ఏం లాభం చెప్పండి?

నేర్పాలంటే పొడుగు పెన్సిల్ పక్కన పెట్టి, బొటనవేలంత ముక్క ఇవ్వండి. దాని మీద పిడికిలికి జాగా ఉండదు కాబట్టి వేళ్లు వాటంతటవే కొసకి వస్తాయి. పలక మీద విరిగిన బలపంతో దిద్దిన మన నానమ్మలకి ఈ ట్రైనింగ్ ఫ్రీగా దొరికింది! ఇంకోటి: చిటికెనవేలు, ఉంగరపువేలు మడిచి, వాటి కింద టిష్యూ ముక్క పడిపోకుండా పట్టుకొని రాయమనండి. అప్పుడు మిగతా మూడు వేళ్లే పనిచేస్తాయి.

నాలుగు వేళ్లతో పట్టుకున్నా రాత అర్థమై, చెయ్యి నొప్పి లేకపోతే వదిలేయండి. ఎడమ చేతి పిల్లల్ని కుడికి మార్చకండి, పేపర్ పైభాగాన్ని కొంచెం కుడికి తిప్పితే చాలు. ఆరేళ్లు దాటాక కూడా నొప్పి అంటుంటే ఆక్యుపేషనల్ థెరపిస్ట్‌కి చూపించండి.