ఎక్సెల్‌లో డూప్లికేట్లన్నీ ఒకే రంగులో కనిపిస్తున్నాయా? డిలీట్ కొట్టే ముందు ఈ ట్రిక్ చూడండి

స్కూల్ అడ్మిషన్ల లిస్ట్ కావచ్చు, అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ లెక్క కావచ్చు. గూగుల్ ఫామ్ పెట్టి వివరాలు తీసుకుంటే చాలు, ఒకే ఫోన్ నంబర్ రెండు మూడు వరసల్లో వచ్చేస్తుంది. చాలామంది వెంటనే డేటా ట్యాబ్‌లోకి వెళ్లి రిమూవ్ డూప్లికేట్స్ కొట్టేస్తారు. అక్కడే అసలు చిక్కు!

ఫోన్ నంబర్ కాలమ్ ఒక్కటే టిక్ చేసి ఆ బటన్ నొక్కితే ఎక్సెల్ మొదటి వరసను ఉంచి మిగతావి తీసేస్తుంది. ఎన్ని తీసేసిందో చెబుతుంది కానీ, ఎవరివి తీసేసిందో చెప్పదు. అన్నాచెల్లెళ్లిద్దరికీ నాన్న నంబరే ఇచ్చి ఉంటే? చెల్లి పేరు లిస్ట్‌లోంచి మాయం. ఫైల్ సేవ్ చేసి మూసేశాక కంట్రోల్ జెడ్ కూడా కాపాడదు.

పోనీ ముందు కళ్లతో చూద్దామని కండిషనల్ ఫార్మాటింగ్‌లో డూప్లికేట్ వాల్యూస్ ఆప్షన్ పెడితే, రిపీట్ అయిన ప్రతి నంబరూ ఒకే లేత ఎరుపులో మెరుస్తుంది. ఒక కుటుంబం ఎక్కడ అయిపోయిందో, ఇంకొకటి ఎక్కడ మొదలైందో అర్థం కాదు. ఒక గ్రూప్‌కు పసుపు, పక్క గ్రూప్‌కు నీలం, మళ్లీ పసుపు.. ఇలా రంగు మారుతూ పోతే చూడగానే తెలిసిపోతుంది. ఎక్సెల్‌లో దీనికి రెడీమేడ్ బటన్ లేదు. ఒక అదనపు కాలమ్‌తో మనమే చేసుకోవాలి.

ఎలా చేయాలంటే..

షీట్‌లో ఏ కాలమ్‌లో సీరియల్ నంబర్, బీలో ఫోన్ నంబర్, సీలో పేరు ఉన్నాయనుకుందాం. మొదటి వరస హెడ్డింగ్. సీరియల్ నంబర్ లేకపోతే ముందు అది వేసుకోండి, తర్వాత పాత వరుసలోకి రావడానికి అదే దారి. ఇప్పుడు మొత్తం టేబుల్ సెలెక్ట్ చేసి బీ కాలమ్ ప్రకారం సార్ట్ చేయాలి. ఒక్క బీ కాలమ్‌నే సార్ట్ చేశారో, ఒకరి నంబర్ ఇంకొకరి పేరు పక్కకు చేరిపోతుంది!

ఖాళీగా ఉన్న డీ కాలమ్‌లో, డీ2 సెల్‌లో 0 టైప్ చేయండి. డీ3లో ఈ ఫార్ములా ఇవ్వండి (షీట్‌లో ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొట్టాలి):

=ఇఫ్(బీ3=బీ2,డీ2,1-డీ2)

పై నంబరే మళ్లీ వస్తే పై అంకెనే ఉంచు, నంబర్ మారితే 0ని 1గా, 1ని 0గా మార్చు అని దీని అర్థం. కిందిదాకా డ్రాగ్ చేస్తే గ్రూప్ గ్రూప్‌కూ 0, 1 మారుతూ కనిపిస్తాయి.

ఇక రంగులు. ఏ2 నుంచి డీ500 వరకు (మీ లిస్ట్ ఎంతవరకు ఉంటే అంతవరకు) సెలెక్ట్ చేసి, కండిషనల్ ఫార్మాటింగ్‌లో న్యూ రూల్, అందులో ఫార్ములా ఇచ్చే ఆప్షన్ ఎంచుకోండి. అక్కడ:

=అండ్($డీ2=1,కౌంట్‌ఇఫ్($బీ$2:$బీ$500,$బీ2)>1)

దీనికి పసుపు ఇవ్వండి. ఇదే ఫార్ములాలో $డీ2=0 అని మార్చి ఇంకో రూల్ పెట్టి నీలం ఇవ్వండి. కౌంట్‌ఇఫ్ ఉండటం వల్ల ఒక్కసారే వచ్చిన నంబర్లు తెల్లగానే ఉండిపోతాయి. డాలర్ గుర్తులు మర్చిపోతే మాత్రం రంగులు ఎక్కడ పడితే అక్కడ పడతాయి. ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే.

గూగుల్ షీట్స్‌లోనూ ఇవే ఫార్ములాలు పనిచేస్తాయి. ఫార్మాట్ మెనూలో కండిషనల్ ఫార్మాటింగ్‌కు వెళ్లి కస్టమ్ ఫార్ములా ఎంచుకుంటే సరి. ఫోన్‌లో కుస్తీ పడేకంటే కంప్యూటర్‌లో చేసుకోవడమే సుఖం.

రంగు రాలేదంటే డూప్లికేట్ లేనట్టేనా? కాదు. ఒకరు నంబర్ ముందు +91 పెడతారు, ఇంకొకరు మధ్యలో స్పేస్ ఇస్తారు. మనకు ఒకటే నంబర్, ఎక్సెల్‌కు మాత్రం వేర్వేరు. అందుకే సార్ట్ చేయడానికి ముందే కంట్రోల్ హెచ్‌తో ఆ +91లు, స్పేస్‌లు తీసేయాలి. ప్లస్ గుర్తు లేకుండా 91 అని మాత్రం రీప్లేస్ చేయకండి, నంబర్ మధ్యలో ఉన్న 91 కూడా ఎగిరిపోతుంది.

బ్యాంక్ అకౌంట్ నంబర్లయితే ఇంకో గండం ఉంది. ఎక్సెల్ ఏ నంబర్‌లోనైనా 15 అంకెల వరకే గుర్తుపెట్టుకుంటుంది. 16వ అంకెను సున్నా చేసేస్తుంది. అంటే చివరి అంకె ఒక్కటే తేడా ఉన్న రెండు అకౌంట్లు డూప్లికేట్‌లా కనిపించొచ్చు. అలాంటి కాలమ్‌ను డేటా ఎక్కించక ముందే టెక్స్ట్ ఫార్మాట్‌లో పెట్టుకోవాలి. అప్పుడు కూడా కౌంట్‌ఇఫ్ 15 అంకెల దగ్గరే పొరబడుతుంది కాబట్టి, రంగు పడిన వరసలను ఒకసారి చివరి అంకె దాకా చదివి చూసుకోండి.