మారేడుమిల్లి వెళ్ళొస్తారా? అయితే ఈ సంగతులు వినండి

సెలవులొస్తే అన్నవరమో, తిరుపతో వెళ్ళి రావడం మనకు పాత అలవాటు. ఇప్పుడు కార్లు పెరిగాయి, సరదాలూ పెరిగాయి. రాజమండ్రిలో బయలుదేరి, కడియం పూలతోటలు చూసుకుని, కోనసీమ కొబ్బరితోటల్లోంచి యానాం దాటి, కోరింగ మడ అడవిలో కాసేపు నడిచి రాత్రికి కాకినాడ చేరతారు. మర్నాడు గోకవరం, రంపచోడవరం మీదుగా మారేడుమిల్లి కొండలెక్కుతారు. మూడో నాటికి ఇల్లు. మూడు రోజుల్లో సముద్రం, డెల్టా, అడవి మూడూ చూడగలగడం గోదావరి వాళ్ళకు దక్కిన అదృష్టమే. వెళ్ళొద్దని చెప్పడానికి నేనీ వ్యాసం రాయడంలేదు. నేనూ వెళ్ళేవాణ్ణే.

అయితే ఈ ప్రయాణాన్ని ఇంట్లో ఎవరు నిర్ణయిస్తున్నారు? సాధారణంగా పాతికేళ్ళ కుర్రవాడు. తెల్లవారు జామున నాలుగింటికి బయలుదేరడం, రోజుకు ఏడు చోట్లు చూడడం, దొరికిన చోట తినడం అతని లెక్క. వెనక సీట్లో పంచదార జబ్బున్న తండ్రి, మోకాళ్ళ నొప్పుల తల్లి, నెలలు నిండని బిడ్డతో కోడలు ఉంటారన్నది ఆ లెక్కలోకి రాదు. ప్రయాణం ఎప్పుడూ కారులో అందరికంటే బలహీనంగా ఉన్న మనిషిని చూసి వేసుకోవాలి.

ముందు ఆడవాళ్ళ సంగతి చెబుతాను. దీన్ని ఎవరూ పైకి చెప్పరు. దారిలో మరుగుదొడ్డి దొరకదని పొద్దుటినుంచీ మంచినీళ్ళు ముట్టరు. వచ్చిందాన్ని గంటలకొద్దీ ఆపుకుంటారు. ఇంటికొచ్చిన రెండో నాడు మూత్రంలో మంట, చలిజ్వరం. ప్రతి సెలవుల తర్వాతా మా ఓపీలో ఈ వరస చూస్తూనే ఉంటాను. కాబట్టి ఎక్కడెక్కడ ఆగాలో ముందే అనుకోండి. పెట్రోలు బంకులు, బస్సు స్టాండ్లు, హోటళ్ళు గుర్తు పెట్టుకుని రెండు గంటలకోసారి కారు ఆపండి. అందరూ దిగి పది నిమిషాలు నడవండి. కాళ్ళ వాపులకూ అది మంచిదే, డ్రైవరు కళ్ళకూ మంచిదే.

గుండెజబ్బు, రక్తపోటు ఉన్న పెద్దలు కొందరు ఇదే భయంతో నీరు పోయే మాత్రను ఆ మూడు రోజులూ మానేస్తారు. రెండో రాత్రికి ఆయాసం మొదలవుతుంది. మాత్ర మానొద్దు. వేసుకునే వేళ మార్చుకోవచ్చేమో మీ డాక్టరును అడగండి, చాలామందికి అది కుదురుతుంది.

పంచదార జబ్బు వాళ్ళకు అసలు ప్రమాదం తాపేశ్వరం కాజా కాదు. (కాజా మంచిదని నేననలేదు సుమా!) మాత్రో, ఇన్సులినో వేసుకుని, ఆ తర్వాత అన్నం రెండు గంటలు ఆలస్యమైతే చెమటలు పట్టి, మాట తడబడి పడిపోతారు. కారులో పెద్దాయన ఉన్నట్టుండి చిరాకు పడుతున్నాడంటే ఒక్కోసారి అది కోపం కాదు, రక్తంలో పంచదార తగ్గడం. వెంటనే మూడు నాలుగు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగించండి. మనిషి స్పృహలో లేకపోతే మాత్రం నోట్లో ఏమీ పొయ్యకండి. ఇన్సులిన్ సీసాను ఎండలో నిలిపిన కారులో వదిలితే అది పనికిరాదు. చల్లటి తడిగుడ్డ చుట్టిన డబ్బాలో పెట్టి మీ వెంటే ఉంచుకోండి. మంచుగడ్డకు మాత్రం నేరుగా ఆనించకూడదు.

కోరింగలో చెట్ల నీడ ఉంటుంది గాని ఉక్క దారుణం. గాలి కదలదు, చెమట ఆరదు. ఉదయం పూటే వెళ్ళండి. కొబ్బరిబొండాలకు మన దగ్గర కరువేముంది, తాగండి. కాని మూత్రపిండాల జబ్బున్నవారు కొబ్బరినీళ్ళు తాగకూడదు. అందులోని పొటాషియం వారి గుండెకు చేటు.

ఇక కొండల సంగతి. రాజమండ్రినుంచి మారేడుమిల్లి సుమారు 85 కిలోమీటర్లు. అక్కడినుంచి చింతూరు వైపు ఘాటు రోడ్డు మలుపుల మయం. కడుపులో తిప్పే అలవాటున్నవారు ముందు సీట్లో కూర్చుని దూరంగా ఉన్న కొండనే చూడాలి. ఫోను చూడకూడదు. ఖాళీ కడుపూ వద్దు, పీకలదాకా ఉప్మా పెసరట్టూ వద్దు. వాంతి మాత్ర బయలుదేరడానికి అరగంట ముందు వేసుకోవాలి. అది నిద్ర తెప్పిస్తుంది కనుక కారు నడిపేవాడు వేసుకోకూడదు. రాత్రిపూట ఆ ఘాటు దిగే ఆలోచన పెట్టుకోకండి. చాలా చోట్ల ఫోను పనిచెయ్యదు, 108ని పిలవాలన్నా పిలుపు అందదు.

పాపికొండల పడవెక్కితే లైఫ్ జాకెట్టు ఎక్కినప్పటినుంచి దిగేదాకా ఒంటిమీదే ఉండాలి. ఫొటో కోసం, భోజనం కోసం విప్పొద్దు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర జరిగిన ఘోరం మన జిల్లాలో ఎవరూ మరిచిపోలేదు.

ఇంతవరకూ చెప్పినవి ఎక్కడికి వెళ్ళినా ఉండేవే. మన్యం వెళ్ళేవాళ్ళకు ప్రత్యేకంగా చెప్పవలసినది ఒకటుంది. అది మలేరియా.

మన పెద్దలు మన్యం జ్వరం అనేవారు. 1879 రంప పితూరీ అణచడానికి వచ్చిన సిపాయిలను తుపాకులతో పాటు ఈ జ్వరం కూడా పడగొట్టింది. దాన్ని దోమ మోస్తుందని రొనాల్డ్ రాస్ కనిపెట్టింది మన సికింద్రాబాదులోనే, 1897లో. ఆ రోజులతో పోలిస్తే ఇప్పుడు చాలా తగ్గింది, మందులు మారాయి. కాని ఏజెన్సీలో అది ఇంకా ఉంది. అక్కడ దొరికే ఫాల్సిపారం రకం మెదడుకు ఎక్కితే రెండు మూడు రోజుల్లో ప్రాణం తీయగలదు.

“అక్కడ మురిక్కాల్వలే లేవు, దోమలెక్కడివండీ?” అని చదువుకున్నవాళ్ళే అడుగుతారు. మురుగులో పెరిగేది వేరే దోమ. మలేరియా మోసే కొండదోమకు కావలసింది నెమ్మదిగా పారే స్వచ్ఛమైన వాగునీరు. మీరు కాళ్ళు పెట్టుకుని ఫొటో తీయించుకునే ఆ వాగే దాని పురిటిల్లు. అది కుట్టేది పొద్దువాలినప్పటినుంచి తెల్లవారేదాకా. కాబట్టి సాయంత్రం ఐదున్నరకల్లా పొడుగు చేతుల చొక్కా, కాళ్ళు కప్పే బట్టలు వేసుకోండి. కనబడే చర్మానికంతా దోమల క్రీము రాయండి, దోమతెర వెంట తీసుకెళ్ళి అందులో పడుకోండి. బయట మంట చుట్టూ కూర్చుని బొంగు చికెన్ తినే ఆ రెండు గంటలే అన్నిటికన్నా జాగ్రత్త పడవలసినవి. గర్భిణులూ, పసిపిల్లలూ అడవిలో రాత్రి బస మానుకుంటే మేలు. పగలు చూసి చీకటి పడకముందే కిందకు దిగండి. నాలుగైదు రోజులుండేవారు ముందుజాగ్రత్త మాత్రల గురించి వారం ముందే డాక్టరును అడగండి. అవి అందరికీ ఒకటి కావు, గర్భిణులకు, ఎనిమిదేళ్ళలోపు పిల్లలకు పనికిరానివీ ఉన్నాయి.

చిక్కంతా ఎక్కడుందంటే, దోమ కుట్టిన రోజున జ్వరం రాదు. వారం దాటాక, సాధారణంగా రెండు వారాల్లోపు వస్తుంది. వైవాక్స్ రకం అయితే కాలేయంలో దాక్కుని నెలల తర్వాత కూడా రావచ్చు. అప్పటికి విహారయాత్ర సంగతే మరిచిపోయి ఉంటారు. అమలాపురంలోనో, భీమవరంలోనో వీధిలో డాక్టరు దగ్గరకు వెళ్తారు. ఆయనకు మీరు కొండలెక్కి వచ్చినట్టు తెలియదు. టైఫాయిడ్ అనుకుని మందులిస్తాడు. పారాసిటమాల్‌తో పూటకోసారి జ్వరం దిగుతుంది, మళ్ళీ ఎక్కుతుంది. ఈలోగా నాలుగు రోజులు గడిచిపోతాయి. ఐదో నాడు రోగి సంబంధం లేకుండా మాట్లాడుతున్నాడని పెద్దాసుపత్రికి పరుగెత్తిస్తారు.

మన్యం నుంచి వచ్చాక మూడు నెలల్లోపు ఏ జ్వరమొచ్చినా, అది జలుబు జ్వరంలా కనిపించినా సరే, మీరు చెప్పవలసిన మొదటి మాట “డాక్టరుగారూ, నేను ఫలానా తేదీన మారేడుమిల్లిలో రాత్రి ఉన్నాను” అని. ఆయన అడిగేదాకా ఆగకండి. వేలినుంచి ఒక్క రక్తపుబొట్టు తీస్తే పావుగంటలో కిట్టు పరీక్ష తేలుతుంది. దాంతో పాటు గాజుపలక మీద రక్తపు పూత కూడా చూస్తారు. మొదటిసారి లేదని వచ్చి జ్వరం తగ్గకపోతే మర్నాడు మళ్ళీ చేయించండి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో పరీక్షా, మందూ ఉచితం. మందు మొదలుపెడితే రెండో రోజుకే హాయిగా ఉంటుంది గాని, ఇచ్చినవన్నీ చివరి మాత్రదాకా మింగాలి. వైవాక్స్ అయితే పద్నాలుగు రోజుల మాత్రలుంటాయి, అవి మొదలుపెట్టే ముందు సరిపడతాయో లేదో డాక్టరు చూసుకుంటారు.