కాలితే కాలినట్టే: చిప్పులోని ఫ్యూజులు

చిన్నప్పుడు మా ఇంట్లో ఫ్యూజు పోతే పాత వైరులోంచి ఒక రాగి పోగు లాగి చుట్టేసేవాళ్ళం. నేనిప్పుడు ఉంటున్న ఊరికి ఎడిసన్ అని పేరు పెట్టింది 1954లో. ఆ పెద్దమనిషి ఇక్కడి మెన్లో పార్కులో పనిచేస్తున్న రోజుల్లోనే, 1880లో, అలాంటి రక్షక తీగకి పేటెంటు పొందాడు. అది కాలితే మార్చుకోవచ్చు. ఈమధ్య నన్ను ఏడిపించిన ఫ్యూజులు అలాంటివి కావు.

ఐ.ఎం.ఎక్స్ 6 క్వాడ్ చిప్పులో 32 బిట్ల వరసలు 128, అంటే 4096 బిట్లు. రాయని బిట్టు సున్నా, కాల్చిన బిట్టు ఒకటి. ఒకటి మళ్ళీ సున్నా కాదు. అందుకే సీరియల్ నంబరు, మాక్ అడ్రసు లాంటివి ఇందులో పెడతారు.

యూఎస్‌బీ పరికరం తనెవరో తనే కెర్నెల్‌కి చెప్పుకుంటుంది. ఈ ఫ్యూజులు నోరు విప్పవు. వాటి రిజిస్టర్లు ఎక్కడున్నాయో, ఏ క్లాకు కావాలో, ఏ బైట్లలో ఏముందో డివైస్ ట్రీలో మనమే రాయాలి. (క్లాకు ఆన్ చేయకుండా చదవబోతే బోర్డు బిగుసుకుపోతుంది. ఒక సాయంత్రం నాకు అలాగే పోయింది.) 2015లో లైనక్స్ 4.3తో ఎన్‌వీమెమ్ వచ్చాక ఈథర్నెట్ డ్రైవరుకి ఫ్యూజుల సంగతే అక్కర్లేదు. "మాక్ అడ్రసు" అని అడుగుతుంది, హెక్సాలో 88 నుంచి ఆరు బైట్లు అందుతాయి.

నా తప్పు ఆ ఆరు బైట్ల దగ్గరే జరిగింది. ఈ చిప్పులో చివరి బైటు ముందుండాలి, ఇప్పటి కెర్నెల్ చదివేటప్పుడు తిరగేస్తుంది. నేను లేబుల్ మీదున్న వరసలోనే కాల్చాను. యూ-బూట్ "నిజంగా కాల్చమంటారా?" అని అడుగుతుంది కూడా. పన్నెండు బోర్డులు కదా అని, ఆ ప్రశ్న రాకుండా స్క్రిప్టులో ఆప్షన్ పెట్టాను!

తిరగబడ్డ అడ్రసు మొదటి బైటు బేసి అయితే అది మల్టీకాస్ట్ కింద లెక్క. కెర్నెల్ దాన్ని కాదని, బూట్ చేసిన ప్రతిసారీ కొత్త అడ్రసు కల్పించుకుంది. సరి సంఖ్య పడిన బోర్డులు కిక్కురుమనలేదు, నాకు వాటితోనే ఎక్కువ భయం వేసింది. ఆ అడ్రసు మరెవరిదో కావచ్చు.

చివరికి అడ్రసులు బోర్డు మీది ఈప్రామ్‌లో రాసి, బూట్‌లోడరు పాతవి అందించకుండా ఆపి, డివైస్ ట్రీలో ఆ సూచిక అటు తిప్పాను. డ్రైవరులో ఒక్క లైను మారలేదు. ఫ్యూజుల నోడుకి రీడ్-ఓన్లీ అని తగిలించాను. ఇక ఎన్‌వీమెమ్ ద్వారా రూట్ యూజర్ కూడా వాటిలో రాయలేడు.