విశ్వాసమునకు ఖడ్గమేల?

దేవుని గౌరవమును కాపాడుటకు మనుష్యుని ప్రాణమును తీయవలయునని తలంచువారు ఏ యొక్క మతమునకో, ఏ యొక్క దేశమునకో చెందినవారు కారు. ఈ వ్యాధి ఏదో యొక కాలమున అన్ని సమాజములను పట్టి పీడించినదే. దీనికి ఔషధమేమని విచారించునపుడు, మతవిశ్వాసమును సడలించుటయే మార్గమని పలువురు చెప్పుచుందురు. మతము ఎంత పలుచబడిన లోకమునకు అంత శాంతి యని వారి యభిప్రాయము. మేము వారితో ఏకీభవింపజాలము. మతోన్మాదమును ఎదిరించుటకు ఆ మతమునందలి భక్తునకు గల యధికారము అన్యులకు లేదు. అందులకు క్రైస్తవమత చరిత్రయందే యొక గొప్ప నిదర్శనము కలదు.

మైకేల్ సెర్వీటస్ స్పెయిను దేశీయుడు; వైద్యుడు. గుండె కుడిభాగమునుండి రక్తము ఊపిరితిత్తుల మార్గమున ఎడమభాగమునకు చేరుచున్నదని ఐరోపాలో మొదట గ్రంథస్థము చేసినవా డితడే. ఆ విషయమును అతడు వ్రాసినది మతగ్రంథమునందు. 1553లో రహస్యముగా అచ్చువేయించిన ఆ గ్రంథమున, తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ అను త్రిత్వమును గూర్చి సంఘము బోధించు సిద్ధాంతమును అతడు నిరాకరించెను. ఫ్రాన్సునందలి వియెన్ పట్టణమున కతోలిక న్యాయాధికారులు అతనిని బంధించిరి. అతడు తప్పించుకొని పోగా అతని బొమ్మను దహించిరి. కొన్నాళ్ల కతడు జెనీవా చేరెను. ఆ నగరము కతోలికుల పీడనమునకు తాళలేక పాఱివచ్చిన ప్రొటెస్టెంటులకు ఆశ్రయస్థానము. అచ్చటి సంఘమునకు నాయకుడైన జాన్ కాల్విన్ తానును ఫ్రాన్సునుండి వచ్చిన ప్రవాసియే. అయినను అతని ప్రేరణముననే సెర్వీటసు బంధింపబడెను. నగరసభ మరణశిక్ష విధించెను. దహనమునకు మాఱుగ శిరచ్ఛేదము చేయుడని కాల్విన్ కోరినను సభ అంగీకరింపలేదు. 1553 అక్టోబరు 27వ తేదీన నగరము వెలుపల షాంపెల్ అను చోట అతనిని సజీవముగ దహించిరి.

మంటలలో సెర్వీటసు యేసునే పిలిచెను. శాశ్వతుడైన దేవుని కుమారుడా యని అతడు పిలిచెననియు, దేవుని శాశ్వతకుమారుడా యని పిలువలేదనియు ఆ కాలపు వృత్తాంతములు చెప్పుచున్నవి. విశేషణము తండ్రికి చేర్చవలయునా, కుమారునకు చేర్చవలయునా? పండితసభలో ఒక పూట వాదింపదగిన ప్రశ్న యిది. దానికొఱకు ఒక నిండు ప్రాణము బలియైనది. కాల్చినవారును యేసు భక్తులే. కాలినవాడును యేసు భక్తుడే. ఇరుపక్షముల సంఘములును పరస్పరము పాషండులని దూషించుకొనుచు, ఈ యొక్కని దహించుటయందు మాత్రము ఏకమైనవి.

అప్పుడు మాటలాడినవాడు సెబాస్టియన్ కాస్టెల్లియో. అతడు పూర్వము జెనీవా కళాశాలకు ప్రధానాధ్యాపకుడు. బైబిలునందలి పరమగీతమును గూర్చి కాల్వినుతో అభిప్రాయభేదము వచ్చుటచే బోధకపదవి దొరకక ఆ నగరమును విడిచిపోయెను. బేసెల్ నగరమున అచ్చుకూటమునందు చిత్తుప్రతులు దిద్దుచు పెద్ద కుటుంబమును పోషించుకొనెను. వఱదకు రైను నదిలో కొట్టుకొనివచ్చు కట్టెలను పట్టి వంటచెఱకుగ వాడుకొనెను. ప్రత్యర్థులు దానిని దొంగతనమని ప్రకటించిరి. అంతటి దారిద్ర్యమునందును అతడు బైబిలును లాటినులోనికిని, ఫ్రెంచిలోనికిని అనువదించెను. ఇట్టివానిని నాస్తికుడనుటకు గాని, మతమునం దుదాసీనుడనుటకు గాని యెవ్వరికిని నోరాడదు.

1554లో కాస్టెల్లియో మార్టీనస్ బెల్లియస్ అను మాఱుపేర, పాషండులను హింసింపదగునా యను విషయమున ఒక సంకలనగ్రంథమును ప్రకటించెను. సంఘపితరులనుండి లూథరు వఱకు పలువురు పెద్దల వాక్యములను అందు కూర్చెను. కాల్వినే పూర్వము వ్రాసిన మృదువాక్యములును అందులో చేరినవి. సెర్వీటసు సిద్ధాంతము సరియైనదని అతడు వాదింపలేదు. సిద్ధాంతము తప్పైనచో గ్రంథముతో ఖండింపుడు, చేతికి నిప్పేల యని అడిగెను. నరహత్య, చౌర్యము పాపములని సర్వజనులును ఎఱుగుదురు. త్రిత్వము, సంస్కారములు మున్నగు విషయములందు విద్వాంసులే శతాబ్దములుగ కలహించుచున్నారు. ఇంత సందిగ్ధమైన దానికి ఇంత నిశ్చయమైన శిక్ష యెట్లు తగునని అతని ప్రశ్న. బలిమిచే ఒప్పించినవాడు భక్తుడు కాడు, కపటి యగునని అతని హెచ్చరిక.

ఈ వాదమునకు అతడు ఆధారము గొన్నది యేసు వాక్యమునే. గోధుమ పైరులో గురుగులు మొలచినపుడు వానిని పెఱికివేసెదమని దాసులు ముందునకు రాగా, వలదు, కోతకాలమువఱకు రెంటిని ఎదుగనిమ్మని యజమానుడు వారించిన ఉపమానము మన క్రైస్తవ సోదరులు ఎఱిగినదే. కలుపు ఏదో, పైరు ఏదో నిర్ణయించుట కోతకాలపు యజమానుని పని. దాసులు కొడవలి పట్టిరేని పైరును కోల్పోవుదురు. దేవునియందు నిజమైన నమ్మిక గలవాడు కోతకాలమువఱకు వేచియుండగలడు. వేచియుండలేనివాడు దేవుని సామర్థ్యమును శంకించుచున్నాడు. మతోన్మాదము విశ్వాసాధిక్యమని లోకము భ్రమపడుచున్నది. అది విశ్వాసదారిద్ర్యమని మా దృఢాభిప్రాయము.

కాస్టెల్లియో మాటను ఆ కాలము వినలేదు. కాల్వినునకు అతడు వ్రాసిన ప్రత్యుత్తరము అచ్చునకు నోచుకొన్నది 1612లో. 1562లో ఫ్రాన్సున మతయుద్ధము చెలరేగగా, అంతరాత్మలను బలవంతపెట్టుటయే మీ రోగమునకు మూలమని ఆ దేశమునకు హితవు చెప్పెను. అదియు చెవికెక్కలేదు. తనపై పాషండతాభియోగము నడచుచుండగనే 1563 డిసెంబరు 29వ తేదీన అతడు మరణించెను. తరువాతి కథ రక్తముతో వ్రాయబడినది. 1572లో పారిసునగరమున మొదలైన వధలో ప్రొటెస్టెంటులు వేలకొలది కూలిరి. 1598లో నాంట్ శాసనముచే కొంత శాంతి లభించెను. 1685లో ఆ శాసనమును రద్దుచేయగా ఎందఱో శిల్పులు, వర్తకులు దేశమును విడిచిపోయిరి. ఉన్మాదము పరులను చంపుటతో ఆగదు. తన యింటి కలిమిని తానే తగులబెట్టుకొనును.

ఇది పరదేశపు కథ, పరమతపు కథ, మనకేమి యని పాఠకులు తలంపరాదు. నిప్పు మన గడపను దాటి లోనికి వచ్చియున్నది. 1999 జనవరి 22వ తేదీ రాత్రి ఒడిశాలోని మనోహరపురమున, కుష్ఠరోగుల సేవలో జీవితమును గడపిన గ్రాహాం స్టెయిన్సును, నిద్రించుచున్న అతని యిద్దఱు పసిబిడ్డలతోగూడ, వాహనమునందే దహించిరి. హిందూధర్మమును రక్షించుచున్నామని చెప్పుకొన్నవారు చేసిన పని యది. ప్రధాననిందితుని యావజ్జీవ కారాగారశిక్షను 2011లో సుప్రీంకోర్టు స్థిరపఱచెను. అంతకన్న ముందే మఱియొక తీర్పు వెలువడియుండెను. భర్తను, బిడ్డలను కోల్పోయిన గ్లాడిస్ స్టెయిన్సు హంతకులను తాను క్షమించితినని ప్రకటించి, రోగుల సేవలో కొన్నేండ్లు అచ్చటనే నిలిచెను. ఆమె యోర్పునకు మూలము ఆమె క్రైస్తవవిశ్వాసమే. షాంపెలు మంటను రగిల్చినది యే గ్రంథము పేరనో, మనోహరపురపు మంటకు క్షమతో బదులిచ్చినదియు ఆ గ్రంథము పేరనే. గ్రంథ మొక్కటియే, పఠించు హృదయములు వేఱు.

క్షమించుట ఆమె ధర్మము; ఆమె నెఱవేర్చినది. సిగ్గుపడుట మన ధర్మము. మనోహరపురమును గూర్చి క్రైస్తవుడు చేయు నింద కన్న, హిందూభక్తుడు తన శాస్త్రమును చేతబట్టి చెప్పు ఒక్క ఖండనము బలవత్తరమైనది. అట్లే ఇస్లాము పేర జరుగు హత్యలకు ముస్లిము భక్తుని నోటను, క్రైస్తవము పేర జరుగు హింసకు క్రైస్తవభక్తుని నోటను ఖండనము వెలువడవలెను. ఎదుటి యింటి మంటను చూపి కేకలు వేయుట సులభము. మన రాజ్యాంగము 25వ అధికరణమున సర్వజనులకు అంతరాత్మ స్వాతంత్ర్యమును ప్రసాదించినది. చట్టము నేరస్థుని శిక్షింపగలదు గాని, తనవాని తప్పును తప్పని చెప్పు ధైర్యమును ఎవ్వరికిని ఈయజాలదు.

1903లో కాల్విన్ అనుయాయులే షాంపెలున ఒక శిలను నిలిపి, తమ గురువు చేసినది ఆ యుగపు దోషమని దానిపై చెక్కించిరి. సెర్వీటసును దహించుటకు ఒక పూట చాలినది. తప్పని శిలపై వ్రాయుటకు మూడువందల యేబది సంవత్సరములు పట్టినది. భారతీయులు అంతకాలము వేచియుండ నక్కఱలేదు. కాస్టెల్లియో చితి యాఱిన యేడాదిలోపలనే మాటలాడెను. ప్రతిమతమునందును అట్టి భక్తులు నేడు పెదవి విప్పుదురుగాక.