కోట అగడ్తలో అడవిపూలు

అగడ్త యనగా శత్రువును నిలువరించుటకై కోట చుట్టును త్రవ్విన నీటి కందకము. ఉర్దూ విభాగపు విద్యార్థులకు ‘ఖందఖ్’ అన్నచో ఇంకను సులభముగా బోధపడును. అట్టి అగడ్తను పూలతోట చేసిన ఉదంతమొకటి లండన్ టవర్‌ది. కొల్లూరు గనిలో దొరికినదని ప్రతీతి గల కోహినూరు వజ్రము నేడున్నది ఆ కోటలోనే.

ఆ అగడ్తను 13వ శతాబ్దమున ఒకటవ ఎడ్వర్డు రాజు విశాలముగా త్రవ్వించెను. కాలక్రమమున అందలి నీరు మురిగి రోగములకు మూలమైనందున, 1843లో కోటాధిపతి డ్యూక్ ఆఫ్ వెల్లింగ్టన్ దానిని ఎండగట్టుటకు పూనుకొనెను. 1799లో టిప్పు సుల్తానుపై శ్రీరంగపట్నపు ముట్టడిలో పాల్గొన్న ఆర్థర్ వెల్లస్లీయే ఈ డ్యూకు! రెండవ ప్రపంచయుద్ధ కాలమున అక్కడ కూరగాయలు పండించిరి. తక్కిన కాలమంతయు అది ఉత్త పచ్చికబయలు. చూపునకు ఇంపే గాని, నున్నగా కోసిన గడ్డిలో తేనెటీగకు దొరకునదేమి?

2022లో ఎలిజబెత్ రాణి పట్టాభిషిక్తురాలై కాదు, సింహాసనమెక్కి 70 ఏండ్లు నిండిన సందర్భమున అందు రెండు కోట్లకు పైగా విత్తనములు చల్లిరి. విత్తనముల కూర్పు నైజెల్ డన్నెట్ అను ఆచార్యునిది. అడవిపూలనగానే విత్తి వదలివేయుట యని మనమనుకొందుము. కాని పాతుకొనిన గడ్డిని తొలగింపక, కలుపు గింజలు లేని మన్ను పరువక విత్తినచో లేత మొలకలు గడ్డి పోటీకి నిలువలేవు. ఎరువు మిక్కుటమైనను గడ్డికే లాభము. జూన్ 1న ద్వారములు తెరచునాటికి చాల భాగము ఇంకను పచ్చగానే యుండెను. రుసుము చెల్లించి వచ్చినవారు కొందరు పెదవి విరిచిరట. పూవు తన వేళకు పూయును గాని ఉత్సవపు తేదీకి పూయునా? పిదప గసగసాల పూలు, నీలి కార్న్‌ఫ్లవర్లు విచ్చెను. ఆ ఏటి జులై 19న ఇంగ్లాండులో ఉష్ణోగ్రత మొట్టమొదటిసారి 40 డిగ్రీలు దాటినను, ప్రదర్శన సెప్టెంబరు వరకు సాగెను.

మనుష్యుడు ఎంచి కూర్చి చల్లిన విత్తనములను అడవిపూలనవచ్చునా యని మాకును సందేహమే. అయినను ఉత్త గడ్డికంటె అది మేలని ఒప్పుకొనక తప్పదు.

ఒక్క భేదము మాత్రము గుర్తింపవలెను. అగడ్త నేలలో పెరుగు ఏకవార్షిక మొక్కల వేళ్లు ఎక్కువ లోతునకు పోవు. కోటగోడ సందున మొలచిన రావి అట్టిది కాదు. దాని వేరు లావగుకొలది రాళ్లను విడదీయును. గోలకొండ వంటి కోటలలో గోడమీది మొలకను పెరికివేయవలసినదే. చుట్టునున్న బీళ్ల మాట వేరు. వానలు వెలిసిన పిమ్మట మన బీళ్లలో తంగేడు, గునుగు ఎవరును విత్తకయే పూయును. వీనిలో గునుగు ఏకవార్షికము. గింజ రాలకముందే కోసివేసినచో మరుసటి యేడు అక్కడ మొలచుటకు పాతగింజలే దిక్కు.