సంజె వెలుగుకు కంప్యూటర్ కుంచె
సూర్యాస్తమయ ఫొటోలకు తైలవర్ణ చిత్రాల సొగసు.. దిద్దడానికీ ఓ హద్దుండాలి!

పొద్దు వాలుతుంటే హంపీలోని హేమకూటం గుట్ట మీద సందడే సందడి. సెల్‌ఫోన్ పట్టుకున్నవాళ్లు, మెడలో కెమెరా వేలాడేసుకున్నవాళ్లు, అందరి చూపూ పడమటి దిక్కుకే. బండలు బంగారు రంగు తిరుగుతాయి. గోపురం గులాబీ రంగులో మెరుస్తుంది. టకటకా ఫొటోలు తీసేస్తారు. తీరా ఇంటికెళ్లి చూసుకుంటే ఉసూరుమనిపిస్తుంది. ఆకాశం తెల్లగా పాలిపోయి ఉంటుంది. బండలు బొగ్గు ముద్దల్లా నల్లబడి ఉంటాయి. కళ్లారా చూసిన ఆ కాషాయం మచ్చుకైనా కనిపించదు.

ఆ లోటును కంప్యూటర్ తెరపై పూడ్చి, ఫొటోను చిత్రకారుడు గీసిన బొమ్మలా మలిచే విద్య ఇప్పుడు ఊరూరా స్టూడియోలకు చేరింది. బళ్లారి, హొసపేట మొదలు హోసూరు, బరంపురం, యానాం వరకు మన తెలుగువాళ్లు నడిపే స్టూడియోలకూ ఇది పనికొచ్చే విద్యే. అయితే ఎంతవరకు దిద్దాలి? ఎక్కడ ఆపాలి? చిక్కంతా అక్కడే ఉంది.

కన్ను చూసింది.. కెమెరాకు అందలేదు

తప్పు తీసినవాళ్లది కాదు. మన కన్ను వెలుగును చూసినప్పుడు ఒకలా, నీడను చూసినప్పుడు ఇంకోలా సర్దుకుంటుంది. ఆ రెంటినీ మెదడు కలిపి ఒకే దృశ్యంగా చూపిస్తుంది. కెమెరాకు ఆ వెసులుబాటు లేదు. ఒక్క క్లిక్‌కు ఒకే కొలత. ఆకాశానికి సరిపెడితే నేల చీకటవుతుంది, నేలకు సరిపెడితే ఆకాశం తెల్లబడుతుంది.

రంగు సంగతీ అంతే. సాయంత్రం పూట సూర్యకిరణాలు వాతావరణంలో చాలా దూరం ప్రయాణించి రావాలి. దారిలో నీలం వెలుగు చెదిరిపోతుంది. ఎరుపు, నారింజ మిగులుతాయి. కెమెరాలోని ఆటోమేటిక్ వైట్ బ్యాలెన్స్ ఈ ఎరుపును చూసి ‘ఇదేదో తేడా’ అనుకుని చల్లార్చేస్తుంది. అందుకే సంజె కాస్తా మధ్యాహ్నంలా తేలిపోతుంది. అంటే దిద్దడం అన్నివేళలా మోసం కాదు. కెమెరా పోగొట్టిన దాన్ని తిరిగి రాబట్టడం కూడా దిద్దుబాటే.

170 ఏళ్ల నాటి చిట్కా

ఇదేదో కంప్యూటర్లు వచ్చాక పుట్టిన తెలివి అనుకుంటే పొరపాటే. 1850ల్లో ఫ్రాన్స్‌కు చెందిన గుస్తావ్ లె గ్రే సముద్రానికి ఒక నెగటివ్, ఆకాశానికి ఇంకో నెగటివ్ వాడి రెంటినీ ఒకే కాగితంపై ముద్రించాడు. అప్పటి రసాయనాలకు నీలం వెలుగంటే మహా చురుకు. దాంతో ఆకాశం ఎప్పుడూ తెల్లగానే వచ్చేది మరి.

మన సరిహద్దు ప్రాంతానికీ ఈ చరిత్రలో చోటుంది. మద్రాసు ప్రభుత్వ ఫొటోగ్రాఫర్‌గా పనిచేసిన లినియస్ ట్రైప్ 1857-58లో దక్షిణాదిలో తిరిగి ఫొటోలు తీశాడు. అందులో ఇప్పటి కృష్ణగిరి జిల్లాలోని రాయకోట కూడా ఉంది. ఆకాశం బోసిపోయిన చోట కాగితపు నెగటివ్ మీదే రంగు పూసి, మబ్బులు దిద్దడం ఆయనకు అలవాటు. అంతకు ముందే 1856లో అలెగ్జాండర్ గ్రీన్‌లా అనే సైనికాధికారి హంపీ శిథిలాలను కాగితపు నెగటివ్‌ల మీదకు ఎక్కించాడు. 1983లో జాన్ గోలింగ్స్ అవే చోట్ల నిలబడి మళ్లీ ఫొటోలు తీయడంతో ఏది నిలిచిందో, ఏది కూలిందో పోల్చి చూసే వీలు కలిగింది. గ్రీన్‌లా తనకు నచ్చినట్టు ఓ మండపాన్ని చేర్చో, తీసేసో ఉంటే ఈ పోలిక సాధ్యమయ్యేదా? ఫొటో విలువ తెలిసేది ఇలాంటప్పుడే.

ముందు ‘రా’.. తర్వాతే రంగు

మంచి బొమ్మకు పునాది తీసేటప్పుడే పడాలి. కెమెరాలో ‘రా’ ఫైలు ఎంచుకోవాలి. మామూలు జేపెగ్ ఫైల్లో ఒక్కో రంగుకు 256 మెట్లే ఉంటాయి. 14 బిట్ల రా ఫైల్లో 16,384 మెట్లు. సంజె ఆకాశంలో పసుపు నుంచి నారింజకు, నారింజ నుంచి ఊదాకు రంగు జారిపోతుంటుంది. మెట్లు తక్కువైతే దిద్దేటప్పుడు ఆ జారుడు పోయి చారలు పడతాయి.

స్టాండు మీద కెమెరా కదలకుండా ఉంచి ఒకే దృశ్యాన్ని మూడుసార్లు తీయాలి. ఒకటి సరైన వెలుగులో, ఒకటి రెండు స్టాపులు తక్కువగా, ఇంకొకటి రెండు స్టాపులు ఎక్కువగా. తక్కువ వెలుగు ఫొటోలోంచి ఆకాశాన్ని, ఎక్కువ వెలుగు ఫొటోలోంచి నేలను తీసుకుని కలుపుకోవచ్చు. రక్షిత కట్టడాల దగ్గర స్టాండు వాడటానికి అనుమతి కావాలేమో ముందే కనుక్కోవడం మేలు.

సూర్యుడు మునగ్గానే సర్దుకుని బయల్దేరడం చాలామంది చేసే పొరపాటు. ఆ తర్వాత పావుగంట, ఇరవై నిమిషాల్లోనే మబ్బుల అడుగున అసలు రంగులు విచ్చుకునేది.

కుంచె పని ఇలా..

ఫోటోషాప్ 1990లోనే వచ్చింది. డబ్బు పెట్టలేనివారికి గింప్, డార్క్‌టేబుల్ ఉచితంగానే దొరుకుతాయి. ఏది వాడినా పద్ధతి ఒక్కటే.

* మొదట వెలుగు: తెల్లబడిన చోట తగ్గించి, నీడల్లో కొంచెం పెంచాలి. నీడ మొత్తాన్ని తెరిచేయకూడదు. చిత్రకారులు చీకటిని చీకటిగానే వదులుతారు.

* తర్వాత వెచ్చదనం: వైట్ బ్యాలెన్స్‌ను 6,000 - 7,000 కెల్విన్ల వైపు జరిపితే సంజె తిరిగొస్తుంది. వెలుగున్న చోట నారింజ, నీడల్లో లేత నీలం అద్దితే లోతు వస్తుంది.

* రంగులు తగ్గించాలి: మూడు నాలుగు రంగులకు మించి వద్దు. శాచురేషన్ మీట చివరిదాకా లాగేస్తే అది చిత్రం కాదు, జాతరలో రంగుల రాట్నం.

* అంచులు మెత్తబరచాలి: 1980ల్లో కెనడా ఫొటోగ్రాఫర్ మైకేల్ ఆర్టన్ స్పష్టంగా ఉన్న స్లైడును, మసగ్గా ఉన్న స్లైడును ఒకదానిపై ఒకటి పేర్చి కలలాంటి మెరుపు సాధించాడు. ఇప్పుడదే పనికి ఫొటో లేయర్‌ను ఇంకోటి తీసుకుని, దాన్ని మసకబార్చి, పైన 20 - 30 శాతం మేర కనిపించేలా కలిపితే చాలు.

* చివర్లో కుంచె: ఫోటోషాప్‌లో 2012 నుంచి ఆయిల్ పెయింట్ ఫిల్టర్ ఉంది. బొమ్మంతా ఒకే తీరుగా రుద్దితే ప్లాస్టిక్ పూతలా ఉంటుంది. ఆకాశానికి పొడవాటి గీతలు, బండలకు పొట్టి గీతలు ఇవ్వాలి. గోపురం దగ్గర ఫిల్టర్ చెరిపేసి శిల్పాన్ని స్పష్టంగా వదలాలి. చూసేవారి కన్ను అక్కడే ఆగుతుంది.

ప్రింటు 12×18 అంగుళాల్లో కావాలంటే, అంగుళానికి 300 చుక్కల లెక్కన 3,600×5,400 పిక్సెళ్లుండాలి. కాన్వాస్‌పై 200 చుక్కలైనా నెట్టుకు రావచ్చు.

సూర్యుడు దారి తప్పితే..

2020లో ఫోటోషాప్‌లోకి ఆకాశాన్నే మార్చేసే సదుపాయం వచ్చింది. 2023 నుంచి మాటల్లో చెబితే లేని చెట్టునూ, లేని చెరువునూ పుట్టిస్తోంది. తిప్పలు ఇక్కడే మొదలవుతాయి.

హంపీ బజారు వీధికి తూర్పు చివర పెద్ద నంది విరూపాక్షుడి వైపు, అంటే పడమరకు తిరిగి ఉంటుంది. నందికి ఎదురుగా నిలబడి తీస్తే దాని వెనక ఉండేది తూర్పు దిక్కు. అక్కడ అస్తమించే సూర్యుణ్ణి అతికిస్తే హంపీ తెలిసినవాళ్లు నవ్వుకుంటారు. బరంపురం దగ్గరి గోపాల్‌పూర్‌లోనైనా, చెన్నై మెరీనాలోనైనా సముద్రం ఉండేది తూర్పునే. ఆ తీరాల్లో సూర్యుడు కడలిలోంచి లేస్తాడే గానీ కడలిలో మునగడు.

రుతువునూ చూసుకోవాలి. హంపీ ప్రాంతంలో మార్చి, సెప్టెంబరు 20ల ప్రాంతంలో పొద్దు సరిగ్గా పడమట గూకుతుంది. డిసెంబరులో సుమారు 24 డిగ్రీలు దక్షిణానికి, జూన్‌లో అంతే ఉత్తరానికి జరుగుతుంది. ఇక నీడ ఒక వైపు, సూర్యుడు ఇంకో వైపు ఉంటే చిన్నపిల్లలైనా పట్టేస్తారు. తుంగభద్ర జలాశయం మీద ఆకాశం మార్చి నీటిలో ప్రతిబింబం మార్చకపోయినా అంతే సంగతులు.

గీత ఎక్కడ?

గోడకు తగిలించే బొమ్మకైతే ఇన్ని పట్టింపులు అక్కర్లేదు. వార్తగా, సాక్ష్యంగా, పోటీకి పంపే ఫొటోగా చూపితేనే గొడవ. 1982 ఫిబ్రవరి సంచిక ముఖచిత్రం కోసం నేషనల్ జియోగ్రాఫిక్ ఈజిప్టు పిరమిడ్లను కంప్యూటర్లో దగ్గరకు జరిపి విమర్శల పాలైంది. 2003లో ఇరాక్ యుద్ధంలో తీసిన రెండు ఫొటోలను ఒకటిగా కలిపినందుకు లాస్ ఏంజిలెస్ టైమ్స్ ఫొటోగ్రాఫర్ బ్రయన్ వాల్‌స్కీ ఉద్యోగం పోయింది. 2016లో స్టీవ్ మెకరీ ఫొటోల్లో మార్పులు బయటపడినప్పుడు, తాను దృశ్య కథకుణ్ణి అని ఆయన చెప్పుకోవాల్సి వచ్చింది. వెలుగు, రంగు సర్దుబాటును కొంతమేర ఒప్పుకునే వరల్డ్ ప్రెస్ ఫొటో పోటీ, దృశ్యంలో లేనిది చేర్చినా ఉన్నది తీసేసినా ఒప్పుకోదు.

చెబితే పోయేదేమీ లేదు

ఫిల్మ్ రోజులు పోయాయి. పాస్‌పోర్టు ఫొటో మొదలు పుట్టినరోజు దాకా సెల్‌ఫోనే కానిచ్చేస్తోంది. నెగటివ్ మీద పెన్సిల్‌తో టచింగ్ చేసిన చేతులకు పని లేకుండా పోయింది. కొత్త ఇంటి హాల్లోకో, గృహప్రవేశం కానుకగానో సొంతూరి సంజెను కాన్వాస్ బొమ్మగా చేసివ్వడం చిన్న స్టూడియోలకు ఓ ఆసరా. అందులో అబద్ధం దొర్లితే ఆ ఆసరా కూడా ఎన్నాళ్లో నిలవదు.

అందుకు రెండు అలవాట్లు చాలు. దిద్దని అసలు ఫైలును విడిగా దాచుకోవాలి. దిద్దిన బొమ్మ వెనక ‘ఫొటో ఆధారంగా చేసిన చిత్రం’ అని ఒక్క ముక్క రాయాలి. కొనేవారు తగ్గరు, నమ్మేవారు పెరుగుతారు.

హంపీ వెళ్లినవారు గుట్ట ఎక్కే ముందు విరూపాక్షాలయంలో గర్భగుడి వెనక ఉన్న చీకటి గదిలోకి తొంగి చూడటం మరువకూడదు. గోడకున్న చిన్న రంధ్రంలోంచి వెలుగు దూరి, తూర్పు గోపురం తలకిందులుగా ఎదుటి గోడ మీద పడుతుంది. కెమెరా పుట్టుకకు మూలమైన సూత్రం అదే. లెన్సు లేదు, ఫిల్టరు లేదు. అక్కడ ఎవరూ ఏమీ దిద్దలేదు. అయినా చూసినవాళ్లు ఇంకోసారి తిరిగి చూడకుండా బయటికి రారు!